మాట ఇచ్చే ముందు ఆగడం: కస్టమర్ సర్వీసు నేర్పే విద్య

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. డిగ్రీ చదువుతూనే కాల్ సెంటర్‌లో చేరారు. నాలుగు నెలలయింది. రోజూ ఎవరో ఒకరు అరుస్తున్నారు. కాలం వృథా చేసుకుంటున్నావని ఇంట్లోవాళ్లు అంటున్నారు. ఈ ఉద్యోగంలో నేర్చుకునేది నిజంగా ఉందా, లేక మానేసి చదువు చూసుకోవాలా అన్నది మీ సందేహం.

నేను ఈ పనిలోకి 19 ఏళ్లకు వచ్చాను. మొదటి ఆరేళ్లు ఫోను దగ్గర, ఆ తర్వాత అయిదేళ్లు ఒక దుకాణంలో ఫిర్యాదుల కౌంటర్ దగ్గర గడిచాయి. గత 11 ఏళ్లుగా కొత్తగా చేరినవాళ్లకు శిక్షణ ఇస్తున్నాను. వాళ్లలో ఎక్కువమంది మీ వయసువాళ్లే, వాళ్లకూ సరిగ్గా నాలుగో నెలలోనే ఈ సందేహం వస్తుంది. మొదటి నెల భయంతో గడిచిపోతుంది. తర్వాతి రెండు నెలలు పని పట్టుబడుతోందన్న ఉత్సాహం ఉంటుంది. నాలుగో నెలకు వచ్చిన ఫిర్యాదే మళ్లీ వస్తుంటుంది, విన్న తిట్టే మళ్లీ వినిపిస్తుంది. ఇంతేనా అనిపిస్తుంది. ఆ స్థితి నాకు బాగా తెలుసు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ఈ ప్రశ్నకు పెద్దవాళ్లు చెప్పే జవాబు ఒకటుంది: ఓర్పు వస్తుంది అని. నేను ఒప్పుకోను. తిట్లు తినగా తినగా వచ్చేది మొద్దుబారడం. ఓర్పు ఉన్న మనిషి వింటాడు, మొద్దుబారిన మనిషి వినడం మానేసి గొంతు మాత్రం మెత్తగా ఉంచుకుంటాడు. బయటి నుంచి ఇద్దరూ ఒకేలా ఉంటారు. అందుకే నాలుగు నెలల్లో మీకు ఓర్పు పెరిగిందని ఎవరైనా మెచ్చుకుంటే, ఆ రోజు చివరి మూడు కాల్స్‌లో ఎవరు ఏం అడిగారో గుర్తు చేసుకోండి. గుర్తొస్తే అది ఓర్పే.

అసలు ఓర్పు స్వభావానికి సంబంధించిన విషయమన్న నమ్మకమే చాలా పాతది. 1878లో అమెరికాలో తొలి టెలిఫోన్ ఎక్స్చేంజీలు తెరిచినప్పుడు కాల్స్ కలిపే ఆపరేటర్లుగా టీనేజీ కుర్రవాళ్లనే పెట్టుకున్నారు. టెలిగ్రాఫ్ ఆఫీసుల్లో అలాంటి కుర్రవాళ్లే పనిచేసేవాళ్లు కాబట్టి ఇక్కడా సరిపోతారనుకున్నారు. వాళ్లు ఫోన్ చేసినవాళ్లతో దురుసుగా మాట్లాడారు, ఆకతాయి పనులు చేశారు. అదే ఏడాది సెప్టెంబరు 1న బోస్టన్‌లో ఎమ్మా నట్ అనే యువతి తొలి మహిళా ఆపరేటర్‌గా చేరారు. ఆ తర్వాత ఆ ఉద్యోగం దాదాపుగా మహిళలదే అయిపోయింది. కుర్రవాళ్లకు సహనం ఉండదని అప్పటివాళ్లు తేల్చేశారు. నాకు మాత్రం మరో కోణం కనిపిస్తుంది. టెలిగ్రాఫ్ ఆఫీసులో ఆ పిల్లలు వినియోగదారుడితో పెద్దగా మాట్లాడవలసిన పని లేదు. కొత్త ఉద్యోగంలో పనంతా మాటే. ఆ మాట ఎలా ఉండాలో వాళ్లను కూర్చోబెట్టి నేర్పినవాళ్లు ఉండి ఉంటే కథ మరోలా ఉండేదని నా అభిప్రాయం.

ఇక నేను ఈ పనిలో నేర్చుకున్న అసలు సంగతికి వస్తాను. అది మాట ఇవ్వడం.

ఇరవై ఏళ్ల వయసులో మన మాటకు పెద్దగా లెక్క ఉండదు. రేపు పుస్తకం తెస్తానంటాం, నాలుగు రోజులకు తెస్తాం. స్నేహితుడు సర్దుకుంటాడు. వస్తానన్న చోటికి వెళ్లం, అమ్మ సర్దుకుంటుంది. మనల్ని ప్రేమించేవాళ్ల మధ్య పెరిగినంతకాలం మాట తప్పితే పడే దెబ్బను ఎవరో ఒకరు మన తరఫున భరిస్తూ ఉంటారు. కస్టమర్ సర్వీసులో మొదటిసారి ఒక అపరిచితుడు మన మాట నమ్ముకుని తన రోజును మార్చుకుంటాడు.

నా మొదటి ఏడాదిలో ఒక పెద్దాయన ఇంట్లో ఫోను కనెక్షన్ పాడైందని కాల్ చేశారు. నా షిఫ్టు ముగియడానికి పది నిమిషాలుంది. ఆయన మర్యాదగానే అడుగుతున్నారు, కానీ వదలడం లేదు. రేపటికల్లా మనిషి వస్తాడండీ అన్నాను. ఎవరినీ కనుక్కోలేదు. ఆ మాటతో కాల్ ముగిసింది, నేను ఇంటికి వెళ్లిపోయాను. మూడు రోజుల తర్వాత మా సూపర్‌వైజర్ నన్ను పిలిచి ఒక రికార్డింగ్ వినిపించారు. ఆ పెద్దాయన మర్నాడు పనికి సెలవు పెట్టి రోజంతా ఇంట్లో కూర్చున్నారు. సాయంత్రం మళ్లీ కాల్ చేస్తే వేరే ఉద్యోగి ఎత్తారు, ఆ ఉద్యోగి ముందున్న కంప్యూటర్‌లో నేను రాసిన వివరం ఒక్కటీ లేదు. పెద్దాయన గొంతు పెంచలేదు. "నిన్న మాట్లాడిన అమ్మాయి వస్తారని చెప్పిందండీ, అందుకే ఉన్నాను" అన్నారు, అంతే. ఆ వాక్యం నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. నేను ఆ 'రేపు' ఆయన కోసం అనలేదు. నా షిఫ్టు ముగియడం కోసం అన్నాను.

అప్పటి నుంచి ఒక అలవాటు చేసుకున్నాను, శిక్షణలో మొదటి రోజే దాన్ని నేర్పుతాను. ఒక హామీ నోటిదాకా వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగి, ఇది నా చేతిలో ఉందా అని మనల్ని మనం ప్రశ్నించుకోవాలి. మనిషిని పంపడం నా చేతిలో లేదు. మనిషిని పంపమని ఇప్పుడే అభ్యర్థన పెట్టడం ఉంది. రీఫండ్ మంజూరు నా చేతిలో లేదు. అది ఏ దశలో ఉందో కనుక్కుని సాయంత్రం 5 గంటలకు ఫోన్ చేయడం ఉంది. "ప్రయత్నిస్తానండీ" అనే మాటను నేను శిక్షణలో వాడనివ్వను. ఆ మాటలో వినేవాడికి పట్టుకోవడానికి ఏమీ ఉండదు. "5 గంటలకు ఫోన్ చేస్తాను. అప్పటికి సమాచారం రాకపోతే రాలేదని చెప్పడానికైనా చేస్తాను" అంటే అందులో గడియారం ఉంది, నా పేరు ఉంది. చెప్పేది చిన్నదే, కానీ పూర్తిగా నిలబెట్టగలిగినది.

ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. సేవల నాణ్యతను ప్రజలు ఏ కొలతలతో తూస్తారని పరిశోధించిన పరశురామన్, జైథామల్, బెర్రీ అనే ముగ్గురు 1988లో అయిదు అంశాలను గుర్తించారు: మాట మీద నిలబడటం, వెంటనే స్పందించడం, పని తెలిసినవాళ్లన్న భరోసా ఇవ్వడం, ఎదుటివారి స్థితి అర్థం చేసుకోవడం, కంటికి కనిపించే సదుపాయాలు. వాళ్ల సర్వేల్లో అన్నిటికన్నా ఎక్కువ బరువు తూగింది మొదటిదే. చిరునవ్వు గురించి ఇన్ని శిక్షణ తరగతులు నడుస్తున్నాయి, మాట మీద నిలబడటం గురించి ఎన్ని నడుస్తున్నాయో చూడండి.

దీనికి అవతలి వైపు కాదనడం ఉంది. చిన్న వయసులో కాదనడం చాలా కష్టం, ఎదుటివాళ్లు బాధపడతారని భయం. ఆ భయంతో చూస్తామండీ, పైవాళ్లకు చెబుతామండీ అంటూ సాగదీస్తాం. మనిషి మూడుసార్లు ఫోన్ చేసి నాలుగోసారి కాదని వింటాడు. అప్పుడు అతని కోపం నిర్ణయం మీద కాదు, ఆ మూడు కాల్స్ మీద. నేను చెప్పే పద్ధతి ఇది: కాదన్న మాట రెండో వాక్యంలోనే రావాలి, కారణం మూడో వాక్యంలో, చేయగలిగినది ఏదైనా ఉంటే నాలుగో వాక్యంలో. ముందు క్షమాపణల దండకం చదివితే వినేవాడికి ఆశ పెరుగుతుంది. ఇరవై ఒకటో ఏట స్పష్టంగా, మర్యాదగా కాదనగలిగినవాళ్లు తర్వాత ఏ ఉద్యోగంలో ఉన్నా పై అధికారి అసాధ్యమైన గడువు పెట్టినప్పుడు నోరు తెరవగలరు. నా దగ్గర పనిచేసి వెళ్లినవాళ్లలో ఈ తేడాను నేను కళ్లారా చూశాను.

వినడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దాని గురించి అందరూ మాట్లాడతారు కానీ ఎలాగో ఎవరూ చెప్పరు. కోపంగా ఉన్న మనిషి మొదట చెప్పేది సమస్య కాదు, తనకు జరిగిన అవమానం. ఎన్నిసార్లు చేశాను, ఎంతసేపు హోల్డ్‌లో ఉంచారు, మీ కంపెనీ మోసం అంటాడు. అసలు విషయం ఆ తర్వాత ఎక్కడో ఒక చిన్న వాక్యంలో దొర్లుతుంది. ఒకసారి పార్సెల్ రెండు రోజులు ఆలస్యమైందని ఒకాయన నా మీద చాలాసేపు కేకలు వేశారు. మధ్యలో "మా అమ్మాయి పరీక్ష సోమవారం" అన్నారు. అక్కడ ఆపి, పరీక్షకూ పార్సెల్‌కూ సంబంధం ఏమిటండీ అని అడిగాను. పార్సెల్‌లో ఉన్నది కంప్యూటర్, దాని మీదే ఆ అమ్మాయి పరీక్ష రాయాలట. పార్సెల్‌ను ముందుకు జరపడం నా వల్ల కాదు. కానీ అది అప్పటికే ఆయన ఊరి గోదాముకు చేరిందని నా ముందున్న కంప్యూటర్ చెబుతోంది. శనివారం వెళ్లి స్వయంగా తీసుకోవచ్చా అని గోదాముకు ఫోన్ చేసి కనుక్కున్నాను. వీలవుతుందన్నారు. ఆయన చివర్లో క్షమించమన్నారు, దానికన్నా నాకు గుర్తున్నది ఆ ఒక్క వాక్యం. నేను క్షమాపణల మీద క్షమాపణలు చెబుతూ ఉండి ఉంటే అది నా చెవిన పడేది కాదు.

మీ మీద అరిచేవాళ్ల కోపంలో చాలా భాగం మీ కాల్‌కు ముందే పుట్టి ఉంటుంది, క్యూలో. దీన్ని అర్థం చేసుకుంటే మీ మనసుకు ఎంతో బరువు తగ్గుతుంది కాబట్టి కాస్త లెక్క చెబుతాను. డెన్మార్క్‌కు చెందిన గణితవేత్త ఎ.కె. ఎర్లాంగ్ కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేస్తూ ఫోన్ కాల్స్ రద్దీని గణితంలోకి తెచ్చాడు. 1909లో తొలి పత్రం, 1917లో ప్రసిద్ధమైన సూత్రాలు వచ్చాయి. ఏ గంటలో ఎంతమంది ఫోన్ల దగ్గర కూర్చోవాలో మీ కాల్ సెంటర్ లెక్కవేసేది కూడా ఆయన వేసిన బాటలోనే. ఆ గణితంలోని అతి తేలికైన ఉదాహరణ తీసుకోండి. ఒకే కౌంటర్ ఉంది. జనం ఎప్పుడు వస్తారో తెలియదు. ఒక్కొక్కరి పనికి సగటున 5 నిమిషాలు, కొందరిది అరనిమిషంలో అయిపోతుంది, కొందరిది పావుగంట దాటుతుంది. కౌంటర్‌లోని మనిషి సమయంలో 80 శాతం పనితో నిండితే, వచ్చినవాళ్లు సగటున 20 నిమిషాలు నిలబడాలి. 90 శాతం నిండితే 45 నిమిషాలు. 95 శాతం నిండితే 95 నిమిషాలు. పని కొంచెమే పెరిగింది, నిరీక్షణ మాత్రం ఎగబాకింది. పదిమంది ఉద్యోగులు కలిసి ఒకే క్యూను పంచుకుంటే ఈ అంకెలు బాగా దిగుతాయి, అయినా నూరు శాతానికి దగ్గరయ్యేకొద్దీ అక్కడా ఇదే జరుగుతుంది. అంటే మీ పక్క సీటు మనిషి ఒకరు సెలవు పెట్టిన రోజున కస్టమర్లు హఠాత్తుగా దుర్మార్గులైపోలేదు. వాళ్లు నిజంగానే చాలాసేపు నిలబడి వచ్చారు.

ఆ నిరీక్షణను మీరు తగ్గించలేరు, కానీ దాని బరువును తగ్గించగలరు. క్యూలో నిలబడేవాళ్ల మనసు గురించి నిర్వహణ నిపుణుడు డేవిడ్ మైస్టర్ 1985లో రాసిన విషయాలు ఈ రంగంలో ఇప్పటికీ పాఠాలుగా చెబుతారు: ఎంతసేపో తెలియని నిరీక్షణ తెలిసినదానికన్నా పొడవుగా అనిపిస్తుంది, కారణం చెప్పని నిరీక్షణ చెప్పినదానికన్నా పొడవుగా అనిపిస్తుంది. కాబట్టి హోల్డ్‌లో పెట్టేటప్పుడు "ఒక్క నిమిషం" అనకండి. "మీ పాత బిల్లు తెరవాలి, మూడు నిమిషాలు పడుతుంది, ఉంటారా?" అనండి. ఆ మూడు నిమిషాలు నాలుగవుతాయనిపిస్తే మూడో నిమిషంలోనే తిరిగి వచ్చి చెప్పండి. ఇదీ మాట ఇవ్వడమే, చిన్న మోతాదులో.

నోట్స్ రాయడం గురించి ఎవరూ గొప్పగా చెప్పుకోరు. నా దృష్టిలో ఈ ఉద్యోగంలో చదువుకు అన్నిటికన్నా దగ్గరగా ఉన్న భాగం అదే. మీరు కాల్ ముగించాక రాసే నాలుగు వాక్యాలు మీకు తెలియని మనిషి, మీరు లేని వేళ, తొందరలో చదువుతాడు. ఏం జరిగింది, ఏం అడిగారు, ఏం చేశాం, ఏం మాట ఇచ్చాం, ఎప్పటిలోగా. ఈ అయిదూ ఉంటే కస్టమర్ తన కథను మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవలసిన అవసరం ఉండదు. "కస్టమర్ కోపంగా ఉన్నారు" అని రాసేవాళ్లున్నారు. ఆ వాక్యం తర్వాతి ఉద్యోగిని భయపెట్టడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. ఆసుపత్రిలో షిఫ్టు మారేటప్పుడు నర్సు ఇంకో నర్సుకు అప్పగించే వివరాలు, సాఫ్ట్‌వేర్‌లో లోపం కనిపించినప్పుడు ఒక ఇంజినీరు ఇంకొకరికి రాసే నివేదిక ఇలాంటివే. రాయడం రాని మనిషికి ఈ ఉద్యోగం ఏడాదిలో రాయడం నేర్పుతుంది, నేర్చుకోవాలన్న పట్టుదల ఉంటే.

ఇంతవరకూ మంచి చెప్పాను. చెడు కూడా నేర్పుతుంది, దాన్ని దాచకూడదు.

మీ కాల్ సెంటర్‌లో ఒక్కో కాల్‌కు సగటు సమయం కొలుస్తారు. ఆ కొలత మొదట ఎంతమంది సిబ్బంది కావాలో తెలుసుకోవడానికి పుట్టింది, దాన్నే మీ ప్రతిభకు గీటురాయిగా మార్చిన చోట మనుషులు వంకర దారులు పడతారు. పొడవయ్యే కాల్‌ను వేరే విభాగానికి తోసేస్తారు, సగం పనితో ముగిస్తారు, మర్నాడు అదే మనిషి మళ్లీ ఫోన్ చేస్తాడు. అంకె బాగుంటుంది, పని చెడుతుంది. ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో ద్రవ్య విధానం, అంటే దేశంలో డబ్బు చలామణీని అదుపు చేసే పద్ధతి గురించి చెప్పింది ఇలాంటిదే: ఒక కొలతను అదుపు కోసం వాడటం మొదలుపెట్టగానే అది నమ్మదగిన కొలతగా ఉండదని. మీ సీనియర్లలో ఎవరైనా ఆ వంకర దారులు నేర్పుతుంటే నేర్చుకోకండి. ఇరవై ఏళ్ల వయసులో పడిన అలవాటు చాలాకాలం వెంట వస్తుంది.

రెండో చెడు మనసుకు తగిలేది. అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ విమాన సిబ్బందినీ, బాకీలు వసూలు చేసేవాళ్లనూ దగ్గరగా గమనించి, జీతం కోసం భావాలను అదుపు చేసుకోవడం కూడా శ్రమేనని 1983లో వివరించారు. దాన్ని భావోద్వేగ శ్రమ అంటున్నాం. అందులో రెండు రకాలున్నాయి. లోపల కోపం మరుగుతుంటే పైకి తీయగా మాట్లాడటం ఒకటి. ఎదుటి మనిషి స్థితిని ఊహించి లోపలి భావాన్నే కొంత మార్చుకోవడం రెండోది. మొదటిదే ఎక్కువగా అలసటకు దారితీస్తుందని తర్వాతి పరిశోధనలు చూపించాయి. పరీక్ష ఉన్న అమ్మాయి తండ్రి విషయంలో నేను అలసిపోలేదు, ఎందుకంటే ఆ వాక్యం విన్నాక నటించవలసిన అవసరం రాలేదు. కానీ రోజుకు డెబ్భై, ఎనభై మందితో అలా చేయడం ఎవరి వల్లా కాదు. కాబట్టి కష్టమైన కాల్ తర్వాత రెండు నిమిషాలు లేచి నిలబడండి, నీళ్లు తాగండి, పక్కవాళ్లకు ఒక్క ముక్కలో చెప్పండి. దాన్ని ఇంటిదాకా మోయకండి.

బూతులు, బెదిరింపులు వేరే విషయం. ఫిర్యాదు చేసే హక్కు కస్టమర్‌కు ఉంది, మిమ్మల్ని తూలనాడే హక్కు ఎవరికీ లేదు. ఒకసారి హెచ్చరించి, రెండోసారి కాల్ ముగించవచ్చని చాలా సంస్థల్లో నియమం ఉంటుంది. మీ సంస్థలో ఉందో లేదో మీ టీమ్ లీడర్‌ను రేపే అడగండి. అలాంటి నియమం లేదని, అన్నీ పడాల్సిందేనని జవాబు వస్తే, మానేయాలా అన్న మీ ప్రశ్నకు నా జవాబు అవును. వేరే చోట చేరండి.

అలాంటిది కాకపోతే ఏడాది నుంచి ఏడాదిన్నర వరకు ఉండండి. అంతకన్నా ఎక్కువ కాలం అదే ఫోను దగ్గర, అదే స్క్రిప్ట్‌తో కూర్చుంటే కొత్తగా నేర్చుకునేది తగ్గిపోతుంది. అప్పటికి కొత్తవాళ్లకు నేర్పే పనో, ఫిర్యాదుల మూలాలు వెతికే పనో అడగండి. ఒకే ఫిర్యాదు వందసార్లు విన్న మనిషికి ఆ సంస్థలో ఏది విరిగి ఉందో పైవాళ్లకన్నా ముందే తెలుస్తుంది. ఆ జ్ఞానాన్ని కాగితం మీద పెట్టి ఇచ్చినవాళ్లు నా దగ్గర చాలామంది ముందుకు వెళ్లారు. ఇవ్వనివాళ్లు అక్కడే ఉండిపోయారు.

ఇంట్లోవాళ్లతో వాదించకండి. వాళ్లు చూస్తున్నది మీ అలసిన ముఖాన్ని. ఈ వారం నుంచి ఒక చిన్న పుస్తకం పెట్టుకుని, రోజుకు ఒక్క కాల్ గురించి మూడు వాక్యాలు రాయండి: ఆ మనిషికి కావలసింది ఏమిటి, నేను ఏం మాట ఇచ్చాను, అది నిలబడిందా. కస్టమర్ల పేర్లు, వివరాలు మాత్రం అందులో రాయకండి, అవి మీవి కావు. మూడు నెలల తర్వాత ఏ ఇంటర్వ్యూలోనైనా చెప్పడానికి మీ దగ్గర నిజమైన ఉదాహరణలు ఉంటాయి. కష్టమైన మనిషితో ఎలా వ్యవహరించారని అడిగితే వెతుక్కోవలసిన అవసరం ఉండదు.

చదువు సంగతి. పరీక్షల షెడ్యూల్ వచ్చిన రోజే షిఫ్టులు తగ్గించమని అడగండి. నోటితో అడిగి ఊరుకోకుండా, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా రాలేరో, ఆ తర్వాత ఏ రోజున తిరిగి పూర్తి షిఫ్టుకు వస్తారో రాసి ఇవ్వండి. తిరిగి వస్తానన్న రోజున తప్పకుండా వెళ్లండి.